సూపర్‌గర్ల్‌కి నవ్వుముఖమే కావాలా? సూపర్‌హీరోయిన్ల ఎంపిక, ఆ సినిమాల అర్థాలు

నేలటికెట్టు:

2025 జులైలో వచ్చిన 'సూపర్‌మ్యాన్' చివర్లో మిల్లీ ఆల్కాక్ సూపర్‌గర్ల్‌గా కాసేపు కనిపిస్తుంది కదా. తూలుతూ లోపలికొస్తుంది, కుక్కని తీసుకుంటుంది, వెళ్లిపోతుంది. అంతే. ఆ కాస్త చూసే చాలామంది తీర్పు చెప్పేశారు. ఈ అమ్మాయి ముఖంలో వెలుగు లేదు, సూపర్‌గర్ల్ అంటే టీవీలో ఆ పాత్ర వేసిన మెలిస్సా బెనోయిస్ట్‌లా చూడగానే ధైర్యం చెప్పేలా ఉండాలి అని. 2013 డిసెంబర్‌లో గాల్ గాడోట్‌ని వండర్ ఉమన్‌గా ప్రకటించినప్పుడూ ఇదే గోల. మరీ సన్నగా ఉంది, అమెజాన్ యోధురాలికి ఆ ఒళ్లు సరిపోదు అన్నారు.

నాకు రెండు విషయాలు తేలాలి. ఒకటి, ఎంపిక కుదిరిందా లేదా అన్నది దేన్ని చూసి చెప్పాలి? ఎత్తా, కండలా, ముఖమా, ఫైట్లు చేయగలగడమా? రెండోది 'వండర్ ఉమన్' (2017) క్లైమాక్స్. యుద్ధదేవుడు ఏరీస్ రావడంతో అప్పటిదాకా సినిమా చెప్పిన మాట చెడిపోయిందని కొందరు, అతను రాకపోతే ఆ మాటకి అర్థమే లేదని కొందరు. నచ్చింది, నచ్చలేదు అని కాకుండా సీన్లు పట్టుకుని చెప్పండి.

కత్తెర:

సూపర్‌గర్ల్ సంగతి ముందు చెబుతాను. అక్కడ జనం పట్టించుకోని తేడా ఒకటుంది.

క్లార్క్, అంటే సూపర్‌మ్యాన్, పసిబిడ్డగా భూమికి వచ్చాడు. పుట్టిన గ్రహం క్రిప్టాన్ అతనికి గుర్తులేదు, అది పెద్దయ్యాక తెలుసుకున్న విషయం. కారాకి, అంటే సూపర్‌గర్ల్‌కి, తను పోగొట్టుకున్నవన్నీ గుర్తున్నాయి. 1959లో 'యాక్షన్ కామిక్స్' 252వ సంచికలో ఆమె మొదటి కథ చూడండి. క్రిప్టాన్ పేలినప్పుడు ఆర్గో అనే నగరం ఒక ముక్కగా విడిపోయి బతికింది. కాళ్లకింది నేల క్రిప్టోనైట్‌గా మారితే, దాని విషం తగలకుండా సీసపు పలకలు పరిచారు. ఉల్కలు పడి ఆ పలకలకి చిల్లులు పడ్డాయి. జనం చనిపోతుంటే తండ్రి ఆమెని రాకెట్‌లో ఎక్కించి పంపించాడు. అంటే ఆ పాత్రలో దుఃఖం ఇప్పుడు కొత్తగా చేర్చింది కాదు, పుట్టుకలోనే ఉంది. ఆ దుఃఖాన్ని నవ్వుతో కప్పాలా, విప్పి చూపాలా అన్నది మాత్రం సినిమా తీసేవాళ్ల ఇష్టం. నటి ఎంపిక ఆ నిర్ణయం వెనకే వస్తుంది.

1984 సినిమా హెలెన్ స్లేటర్‌ని తీసుకుంది. భూమ్మీదకి రాగానే ఆమె గాల్లో ఎగురుతూ దాదాపు నాట్యం చేస్తుంది. పోరాటం లేదు, శత్రువు లేడు, కొత్త లోకాన్ని చూసిన ఆశ్చర్యం మాత్రమే ఉంది. ఆ దర్శకుడికి కావలసింది ఆశ్చర్యపోగల ముఖం, అది దొరికింది. బెనోయిస్ట్‌ది పూర్తిగా వేరే అవసరం. 2015 నుంచి 2021 దాకా 6 సీజన్లు, 126 ఎపిసోడ్లు. వారం వారం ఇంట్లోకి వచ్చే మనిషి ఆమె. అన్ని గంటలపాటు బరువైన ముఖాన్ని చూస్తూ కూర్చోలేం. అక్కడ నవ్వు అలంకారం కాదు, ఆ సీరియల్‌ని నిలబెట్టిన గుంజ.

ఇక ఆల్కాక్. ఆమె సినిమాకి ఆధారం టామ్ కింగ్ రాసి, బిల్కిస్ ఎవ్లీ గీసిన 8 సంచికల కామిక్. అందులో కారా 21వ పుట్టినరోజుకి ఎర్రసూర్యుడున్న గ్రహానికి వెళ్లి తాగుతుంది. పసుపు సూర్యుడి కింద ఆమెకి శక్తులుంటాయి కాబట్టి ఎంత తాగినా ఎక్కదు. ఎర్రసూర్యుడి కింద శక్తులు పోతాయి, అప్పుడే ఎక్కుతుంది. సూపర్‌మ్యాన్ చివర్లో క్లార్క్ చెప్పేదీ ఇదే. ఆ తూలడాన్ని నవ్వుల కోసం పెట్టిన ముక్కగా చూస్తే అసలు సంగతి చేజారుతుంది. లోకంలో అందరికంటే బలమున్న అమ్మాయి, ఆ బలం లేని చోటు వెతుక్కుంటూ వెళ్లొస్తోంది. ఆ పాత్రకి బెనోయిస్ట్ నవ్వు పెడితే ఈ అర్థమే పోతుంది. కాబట్టి "సూపర్‌గర్ల్‌కి సరిపోతుందా" అని అడిగితే జవాబు రాదు. ఏ సూపర్‌గర్ల్‌కి అని అడగాలి.

రోప్‌షాట్:

కత్తెర గారు అర్థం వైపు నుంచి చెప్పారు. నేను ఒంటి వైపు నుంచి చెబుతాను.

ముందు ఎత్తు సంగతి పక్కన పెట్టేయండి. సినిమాలో అన్నిటికంటే సులువుగా సర్దగలిగేది అదే. సెట్‌లో యాపిల్ బాక్స్ అనే చెక్కపెట్టెలుంటాయి. ఫుల్‌ది 8 అంగుళాలు, హాఫ్ 4, క్వార్టర్ 2. మనిషిని దాని మీద నిలబెట్టి, ఫ్రేమ్‌ని నడుము దగ్గర కోస్తే సరి. కెమెరాని నడుము ఎత్తుకి దించి పైకి చూపిస్తే మామూలు ఎత్తున్న మనిషి కూడా తెర నిండుతుంది. పైగా గాడోట్ 178 సెంటీమీటర్లు. అంటే 1970ల్లో టీవీలో వండర్ ఉమన్ వేసిన లిండా కార్టర్ కంటే పొట్టి కాదు. అప్పుడు ఎత్తు సరిపోయిందని, ఇప్పుడు సరిపోలేదని అనడంలో న్యాయం లేదు.

కండల సంగతి కాస్త వేరు. కండ ఉన్నంత మాత్రాన తెరమీద బలం కనిపించదు. బలం కనిపించేది బరువు మారే క్షణంలో. దెబ్బ కొట్టబోయే ముందు వెనక కాలిమీదకి ఒరగడం, కొట్టాక ముందుకాలు నేలలో దిగబడటం, తగిలినవాడు ఎటు పడ్డాడో అటే ఈమె భుజం తిరగడం. ఈ మూడూ ఒకే షాట్‌లో పడితే సన్నటి నటి కూడా బలంగా అనిపిస్తుంది. మూడూ మూడు షాట్లలో పడితే ఎంత కండ ఉన్నా తేలిపోతుంది. చాలా సినిమాల్లో చెడేది ఇక్కడే. నటికి సాధన తక్కువైతే డూప్‌ని పెడతారు. డూప్ ముఖం కనపడకూడదు కాబట్టి వెనకనుంచి తీస్తారు, జుట్టు అడ్డం వేస్తారు, చేయి కదలగానే కట్ చేస్తారు. చూసేవాడికి కారణం తెలియదు గానీ ఏదో నమ్మబుద్ధి కావడం లేదనిపిస్తుంది. అప్పుడు "నటి ఎంపిక బాలేదు" అంటాడు. నిజానికి బాగోనిది ఎడిటింగ్‌కి దొరికిన ముడిసరుకు.

స్లోమోషన్ కూడా ఇలాగే ఎదురు తిరుగుతుంది. సెకనుకి 24 ఫ్రేములు మామూలు వేగం. 96 ఫ్రేములతో తీసి 24తో చూపిస్తే కదలిక నాలుగింతలు నెమ్మదిస్తుంది. గాల్లో ఎగిరే భంగిమకి అది అందం. దెబ్బకి మాత్రం చేటు. పిడికిలి మనిషికి నాలుగు వేళ్ల దూరంలో ఆగిపోవడం, పడేవాడు దెబ్బ తగలకముందే తల తిప్పడం, రోప్ లాగినప్పుడు నడుము దగ్గర ఒళ్లు మడతపడటం, అన్నీ కంటికి దొరికిపోతాయి.

సాధన ఉంటే ఏమవుతుందో చెప్పడానికి 1992 'బ్యాట్‌మ్యాన్ రిటర్న్స్'లో క్యాట్‌ఉమన్‌గా వేసిన మిషెల్ ఫైఫర్ చాలు. ఆ పాత్రకి ముందు తీసుకున్నది ఆనెట్ బెనింగ్‌ని. ఆమె గర్భవతి కావడంతో ఫైఫర్ వచ్చింది. కొరడా విద్య నేర్చుకుని, దుకాణంలో వరసగా నిలబెట్టిన బొమ్మల తలలు తనే ఎగరగొట్టింది. ఆ సీన్ మళ్లీ చూడండి. ముఖం, చేయి, కొరడా కొస ఒకే ఫ్రేమ్‌లో ఉంటాయి. కట్ అవసరం లేకుండా పోయింది కాబట్టే ఆ పాత్ర అంత ప్రమాదకరంగా అనిపిస్తుంది.

ఆ డ్రెస్ గురించి కూడా చెప్పాలి. ఒంటికి అతుక్కునే లేటెక్స్ అది. లోపల పౌడర్ వేస్తే తప్ప ఎక్కదు, ఊరికే చిరుగుతుంది. అందుకే షూటింగ్ మొత్తానికి 60 దాకా తయారుచేశారు. కథలో అయితే సెలీనా (క్యాట్‌ఉమన్ అసలు పేరు) తన పాత నల్లకోటుని కత్తిరించి, చేత్తో కుట్టుకుంటుంది. కుట్లు తెల్లగా పైకి కనిపిస్తాయి. సినిమా ముందుకెళ్లేకొద్దీ ఆ కుట్లు విడిపోతుంటాయి, ఆమె మనసూ అలాగే విడిపోతుంటుంది. చివరికొచ్చేసరికి ముసుగు చిరిగి జుట్టు బయటికొచ్చేస్తుంది. ఈ అర్థాన్ని ఒక్క డైలాగ్‌లో కూడా చెప్పలేదు. బట్టే చెప్పింది.

మూడో వరుస:

రోప్‌షాట్ గారూ, సాధన ఉంటే చాలన్నట్టుంది మీ మాట. దాంతో ఏకీభవించలేను. బ్రీ లార్సన్ 'కెప్టెన్ మార్వెల్' (2019) కోసం 9 నెలలు కసరత్తు చేసింది. హిప్ థ్రస్ట్‌లో 400 పౌండ్లు, అంటే 180 కిలోల పైనే ఎత్తింది. అయినా ఎక్కువగా వినిపించిన ఫిర్యాదు ఏమిటి? ముఖంలో భావం పలకలేదని. కసరత్తు ఆ ఫిర్యాదుని ఆపలేకపోయింది.

నా ఉద్దేశంలో ఆ ఫిర్యాదు తప్పు, కానీ అలా అనిపించడానికి కారణం సినిమాలోనే ఉంది. క్రీ అనే గ్రహాంతర జాతివాళ్లు కారల్‌కి (లార్సన్ వేసిన పాత్ర) మొదటి సీన్ నుంచీ నూరిపోసేది ఒక్కటే, భావాలు అణుచుకో అని. మెడమీద పెట్టిన పరికరం శక్తిని కూడా అణిచిపెడుతుంది, అదే శక్తినిచ్చిందని ఆమెని నమ్మిస్తారు. అంటే సగం సినిమాలో ఆమె నటించాల్సింది అణిచిపెట్టుకున్న మనిషిని. లార్సన్ సరిగ్గా అదే చేసింది. చిక్కెక్కడంటే, అణచకముందు కారల్ ఎలా ఉండేదో మనకి ముందుగా చూపించలేదు. జ్ఞాపకాలు ముక్కలుముక్కలుగా, అదీ ఆలస్యంగా వస్తాయి. ఏది పోయిందో తెలియనప్పుడు అణచివేత కనిపించదు, చలనం లేకపోవడం మాత్రమే కనిపిస్తుంది. పాత స్నేహితురాలు మారియా ఇంటికి వెళ్లాక లార్సన్ కళ్లు, గొంతు ఎంత మారతాయో చూడండి. అది ఆమెకి చేతకాక ఆగింది కాదు, కథనం వరుస వల్ల ఆగింది.

చివర్లో ఆమెకి శిక్షణ ఇచ్చిన క్రీ నాయకుడు యాన్-రాగ్, శక్తులు వాడకుండా చేతులతో గెలువు, నన్ను మెప్పించు అన్నట్టు రెచ్చగొడతాడు. ఆమె ఒక్క దెబ్బతో అతన్ని ఎగరగొట్టి, నీకు నిరూపించాల్సిందేమీ లేదంటుంది. కొందరు అది ఫైట్ ఎగ్గొట్టడం అన్నారు. నాకైతే మొదటి సీన్‌లో మొదలైన పాఠానికి అదే సరైన జవాబు. అక్కడ చేతులతో కొట్టి గెలిచి ఉంటే అతను పెట్టిన పరీక్షని ఒప్పుకున్నట్టే.

సెకండ్‌షో:

వండర్ ఉమన్ క్లైమాక్స్ గురించి ఎవరూ ఎత్తలేదు కాబట్టి అది నేను తీసుకుంటాను.

ముందు ఆ సినిమాలో ఎంపిక ఎంత దూరం వెళ్లిందో చెప్పాలి. గాడోట్ ఇంగ్లిష్‌లో ఆమె సొంత యాస ఉంటుంది. దాన్ని దాచే ప్రయత్నం చేయలేదు. ఆమె పాత్ర డయానా పెరిగిన దీవిలోని మిగతా అమెజాన్‌లందరినీ ఆమె యాసకి దగ్గరగా మాట్లాడించారు. కొన్నీ నీల్సన్, రాబిన్ రైట్ కూడా అలాగే మాట్లాడతారు. ఒక నటి గొంతుని బట్టి ఒక దీవి మొత్తానికి భాష పుట్టిందన్నమాట. డయానా లండన్‌లో అడుగుపెట్టగానే పరాయి మనిషని చెవికే తెలుస్తుంది. డబ్బింగ్‌లో చూసినవాళ్లకి ఈ సంగతి అందదు. అందుకే గాడోట్ డైలాగ్ మీద తీర్పు చెప్పేముందు అసలు ట్రాక్ ఒకసారి వినమంటాను. దీవిమీద యుద్ధానికి కూడా నిజమైన క్రీడాకారిణులనే తెచ్చారు. ఆర్టెమిస్‌గా వేసిన ఆన్ వుల్ఫ్ బాక్సింగ్ ఛాంపియన్. అమెజాన్‌లంటే బలం అన్న నమ్మకం ఆ గుంపు వల్ల ముందే కుదిరింది, ఆ భారమంతా గాడోట్ ఒక్కతి భుజాలమీద పడలేదు.

ఇక నో మ్యాన్స్ ల్యాండ్ సీన్, అంటే మొదటి ప్రపంచయుద్ధంలో రెండు సైన్యాల కందకాల మధ్య ఎవరూ అడుగుపెట్టలేని నేల. ఆ కందకంలో ఉన్న బెటాలియన్ దాదాపు ఏడాదిగా అక్కడే ఉన్నా అంగుళం ముందుకి కదల్లేదని, డయానాతో వచ్చిన గూఢచారి స్టీవ్ చెబుతాడు. అందర్నీ కాపాడలేం, మనం వచ్చిన పని ఇది కాదంటాడు. అప్పుడామె కోటు తీసేసి నిచ్చెన ఎక్కుతుంది. దర్శకురాలు ప్యాటీ జెంకిన్స్ ఈ సీన్ గురించి ఒక సంగతి చెప్పింది. సినిమాకి ఇదే అన్నిటికంటే ముఖ్యమని ఆమె నమ్మితే, మిగతావాళ్లకి తీసేముందు అన్నిటికంటే అర్థం కానిదీ ఇదేనట. ఎందుకంటే అక్కడ ఎదుట విలన్ లేడు. ఆమె ఎవరితో పోరాడుతోంది? నిజానికి పోరాడటం లేదు, తుపాకుల్ని తనవైపు తిప్పుకుంటోంది. తూటాలన్నీ డాలుకి తగులుతూ ఆమె ఒంగిపోయి ఆగిపోతుంది. అంత ఎలివేషన్‌లో కూడా కదలకుండా నిలబెట్టారు ఆమెని. ఆ సందులో మిగతావాళ్లు ముందుకి దూకుతారు. ఆ సీన్ గొప్పదనం నా దృష్టిలో ఆ ఆగడంలో ఉంది.

క్లైమాక్స్‌కి వద్దాం. జర్మన్ జనరల్ లుడెన్‌డార్ఫే ఏరీస్ అని నమ్మి డయానా అతన్ని చంపేస్తుంది. తిరిగి చూస్తే కింద సైనికులు విషవాయువు డబ్బాలు విమానంలోకి ఎక్కిస్తూనే ఉన్నారు. ఏమీ ఆగలేదు. తప్పు ఒక్కడిది కాకపోవచ్చు, మనందరిదీ కావచ్చని స్టీవ్ అంటాడు. అప్పటిదాకా నడిచిన కథ అంతా ఈ మాట కోసమే. సరిగ్గా అప్పుడే ఏరీస్ ప్రత్యక్షమవుతాడు. చెడిపోయిందనేవాళ్ల కోపం ఇక్కడే.

చెడిపోలేదనేవాళ్ల దగ్గర బలమైన ఆధారం ఉంది. ఏరీస్ చెప్పేది వినండి. నేను ఆలోచనలు చెవిలో ఊదాను అంతే, వాడమని బలవంతపెట్టలేదంటాడు. శాంతి ఒప్పందం రాసిందీ అతనే, అది నిలవదని తెలిసే రాశాడు. అంటే అతని రాకతో స్టీవ్ మాట తప్పు కాలేదు, శత్రువు నోటితోనే నిజమైంది. ఇప్పుడు ప్రశ్న మారింది. మనుషులు ఇలాంటివాళ్లని తెలిశాక కూడా కాపాడతావా? విషవాయువు తయారుచేసిన డాక్టర్ మారూని ఆమె ముందు పడేసి చంపమన్నప్పుడు, ట్యాంకు ఎత్తిన చేతులు ఆగడమే దానికి జవాబు. ఇంతవరకు సినిమా గీసిన గీత దాటలేదు.

దాటింది ఆ తర్వాత. ఏరీస్ చావగానే తెల్లవారుతుంది, జర్మన్ సైనికులు మాస్కులు తీసి, ఎదుటివాళ్లని కౌగిలించుకుంటారు. ఆ ఒక్క షాటే ఇబ్బంది. ఏరీస్ బలవంతపెట్టలేదన్నది నిజమైతే, అతను చావగానే వాళ్లు ఎందుకు మారాలి? మారారంటే తప్పు అతనిదే అనిపిస్తుంది, స్టీవ్ మాట గాల్లో కలుస్తుంది. యుద్ధం ముగిసిన అలసట అని సర్దుకోవచ్చు గానీ, వెలుగు, సంగీతం, సమయం అన్నీ శాపం విడిపోయినట్టే చూపిస్తాయి. ముగింపు మొదట చిన్నగా ఉండేదని, స్టూడియో చివరి నిమిషంలో మార్పించిందని జెంకిన్స్ తర్వాత చెప్పింది. ఆ అతుకు ఇక్కడ కనిపిస్తుంది. కాబట్టి ఏరీస్ రావడం తప్పు కాదు, అతను పోయిన తర్వాతి అర నిమిషం తప్పు.

నేలటికెట్టు:

చాలా వివరంగా చెప్పారు, అందరికీ కృతజ్ఞతలు. సెకండ్‌షో గారూ, ఆ కౌగిలింత షాట్ గురించి నేనెప్పుడూ అలా ఆలోచించలేదు. డయానా ముగ్గురు స్నేహితులు కూడా అప్పుడే ఒకర్నొకరు హత్తుకుంటారు కదా, వాళ్లమీద ఏరీస్ ప్రభావం లేదు. అందుకని బతికి బయటపడ్డ ఊరటగా కూడా చదవొచ్చేమో.

ఇంకొక్కటి. 'ఏజ్ ఆఫ్ అల్ట్రాన్' (2015)లో నటాషా (బ్లాక్ విడో), బ్రూస్‌తో (హల్క్) తనని రాక్షసినని చెప్పుకునే సీన్. పిల్లలు పుట్టని ఆడదాన్ని రాక్షసి అన్నారని అప్పట్లో పెద్ద గొడవైంది. మీరు ఏమంటారు?

సెకండ్‌షో:

స్నేహితుల సంగతి సరైన పాయింటే, ఒప్పుకుంటున్నాను. కానీ ముందు మాస్కులు తీసేది జర్మన్ కుర్రాళ్లు. కెమెరా నిలిచేది వాళ్ల ముఖాలమీద. అందుకే ఆ అర్థం పూర్తిగా నిలబడదు.

కత్తెర:

నటాషా సీన్‌లో మాటల వరుస చూడండి, గొడవంతా దానివల్లే. మొదట, తనకి గూఢచారిగా శిక్షణ ఇచ్చిన రెడ్ రూమ్‌లో పట్టా ఇచ్చేరోజు పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేస్తారని చెబుతుంది. తర్వాత, మిషన్ కంటే ముఖ్యమనిపించగలిగేది అదొక్కటే, అది కూడా లేకుండా చేస్తారంటుంది. ఆ తర్వాత, దానితో అన్నీ సులువవుతాయి, చంపడం కూడా అంటుంది. అప్పుడు జట్టులో రాక్షసుడివి నువ్వొక్కడివే అనుకుంటున్నావా అని అడుగుతుంది. రాసినదాని ప్రకారం "రాక్షసి" అన్న మాట తగలాల్సింది "చంపడం"కి. కానీ ఆ మాట ఒక్క ముక్కలో దాటిపోతుంది. అంతకుముందు చెప్పిన ఆపరేషన్‌కి మాత్రం ఆమె గొంతు వణకడం, కళ్లు తడవడం, క్లోజప్, అన్నీ పడ్డాయి. ప్రేక్షకుడి మనసు క్లోజప్ ఉన్నచోటే ఉంటుంది. పైగా ఆ సంభాషణ మొదలైందే బ్రూస్ తనకి పిల్లలు కుదరదని చెప్పడంతో. కాబట్టి జనం తప్పుగా విన్నారని అననుగాక అనను. తీసిన పద్ధతి అలా వినిపించేలా ఉంది. "చంపడం" తర్వాత ఒక్క క్షణం మౌనం పెట్టి, అక్కడ బ్రూస్ ముఖం చూపించి ఉంటే అర్థం అటు ఒరిగేది.

రోప్‌షాట్:

దీనికి కొనసాగింపు 2021 'బ్లాక్ విడో'లో ఉంది. అదే ఆపరేషన్ గురించి నటాషాకి చెల్లెలిలా పెరిగిన యెలెనా (ఫ్లోరెన్స్ ప్యూ), వాళ్లకి తండ్రిగా నటించిన గూఢచారి అలెక్సీకి మొహంమీదే, ఏ అవయవం ఎలా తీశారో వరసపెట్టి చెబుతుంది. వింటున్న అతనే ఇక చాలంటాడు. ఏడుపు లేదు, సంగీతం లేదు. సిగ్గుపడాల్సింది ఎవరో ఆ సీన్ తేల్చేస్తుంది. నటాషా నేలమీదకి దూకి జుట్టు విసిరే భంగిమని యెలెనా ఎగతాళి చేయడం కూడా ఈ లెక్కలోదే. ఆ భంగిమ 2010 నుంచి కెమెరా ఆమెని చూసిన చూపు. ఫ్లోరెన్స్ ప్యూ ఆ రెండు చోట్లా గొంతు పెంచదు, చూపు తిప్పదు. ఆ సినిమాలో ఎంపిక కుదిరిందని నేననేది ఫైట్లని చూసి కాదు, ఆ హెలికాప్టర్‌లో ఆమె కూర్చున్న తీరుని చూసి.